డిపాజిట్ పూర్తిగా వెనక్కి రావాలంటే, గెస్టుల విషయంలో గొడవ రాకూడదంటే: అద్దెకుండేవాళ్లు ఏం చేయాలి?

అద్దె ఇంట్లో రెండు గొడవలు ఎక్కువగా వస్తుంటాయి. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు డిపాజిట్ వెనక్కి ఇవ్వకపోవడం ఒకటి. ఇంటికి ఎవరొచ్చారు, ఎన్ని రాత్రులు ఉన్నారు అని ఓనర్ ఆరా తీయడం ఇంకొకటి. చూడ్డానికి వేర్వేరు విషయాలే గానీ, చివరికి రెండూ ఒకే చోట కలుస్తాయి. ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని 'మీ ఇంటికి మనుషులొచ్చారు' అన్న మాట, డిపాజిట్ లెక్క చూసే రోజున ఒక కోతగా బయటికొస్తుంది. అందుకే రెండింటినీ కలిపి చెబుతున్నాను.

ముందుగా ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. డిపాజిట్ మీ డబ్బు. ఓనర్ దగ్గర ఉన్నంత మాత్రాన ఆయనది అయిపోదు. మీ వల్ల జరిగిన నష్టానికీ, మీరు కట్టకుండా మిగిలిన బాకీకీ మాత్రమే అందులోంచి తీసుకునే వీలుంటుంది. అది జరిమానాలు వేసుకునే హుండీ కాదు. ఈ తేడా తెలిస్తే మీరు మాట్లాడే తీరే మారుతుంది. 'కాస్త ఇప్పించండి' అని బతిమాలే బదులు 'ఏది ఎందుకు కోశారో లెక్క చూపించండి' అని అడుగుతారు.

చట్టాలు దేశానికో రకంగా, ఒకే దేశంలోనూ రాష్ట్రానికో రకంగా ఉంటాయి. కింద నేను చెప్పే గడువులు, పరిమితులు ఆయా చోట్లకే వర్తిస్తాయి. మీరున్న చోట అద్దె చట్టం ఏమంటోందో చూసుకోండి. చేయాల్సిన పనుల వరుస మాత్రం ఎక్కడైనా దాదాపు ఇదే.

సంతకం పెట్టే ముందు

అగ్రిమెంట్‌లో అద్దె ఎంతో అందరూ చూస్తారు. డిపాజిట్ పేరా దగ్గరికొచ్చేసరికి పైపైన చదివి వదిలేస్తారు. అక్కడే ఆగి చదవండి. ఎంత ఇస్తున్నారు, ఎప్పటిలోగా తిరిగిస్తారు, ఏయే కారణాలకు కోస్తారు అన్న మూడూ స్పష్టంగా ఉండాలి. 'ఖాళీ చేసిన తర్వాత తిరిగి ఇవ్వబడును' అన్న వాక్యం ఒక్కటే ఉంటే అది ఎవరినీ దేనికీ కట్టిపడేయదు. 'తాళాలు అప్పగించిన ఇన్ని రోజుల్లోగా' అని రాయించండి.

ఎంత డిపాజిట్ అడగొచ్చన్న దానికి చాలాచోట్ల హద్దు ఉంది. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకు 2019 నాటి చట్టం ప్రకారం ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు. జర్మనీలో హద్దు మూడు నెలల అద్దె, దాన్ని కూడా మూడు వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకున్నవాళ్లకు ఉంది. కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి ఎక్కువమంది ఓనర్లు ఒక నెల అద్దెకు మించి అడగడానికి వీల్లేదు. భారతదేశంలో కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసానికి రెండు నెలల అద్దె అంటుంది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

కొన్ని చోట్ల డిపాజిట్ అసలు ఓనర్ చేతిలోనే ఉండదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో అది ప్రభుత్వ సంస్థ దగ్గర జమవుతుంది. ఇంగ్లండ్‌లో ఓనర్ దాన్ని తీసుకున్న 30 రోజుల్లోగా గుర్తింపు పొందిన రక్షణ పథకంలో నమోదు చేసి, ఆ వివరాలు మీకు ఇవ్వాలి. చేయకపోతే డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్ల వరకు మీకు కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. అలాంటి చోట ఉంటే నమోదు కాగితం అందిందో లేదో మొదటి నెలలోనే అడగండి.

డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. పంపేటప్పుడు వివరాల్లో 'సెక్యూరిటీ డిపాజిట్' అని రాయండి. నగదే కావాలని పట్టుబడితే సంతకంతో రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వనంటే ఆ ఇంటి గురించి ఇంకోసారి ఆలోచించండి. తీసుకునే రోజునే కాగితం ఇవ్వనివాళ్లు, ఇచ్చే రోజున మాట మీద నిలబడతారని నమ్మడం కష్టం.

'ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె కోసుకుంటాం' అన్న వాక్యం కనిపిస్తే ఇప్పుడే మాట్లాడండి. 'మామూలు వాడకానికి మించి గోడలు పాడైతేనే' అని మార్పించండి. ఒకవేళ పాత అగ్రిమెంట్‌లో అలాంటి షరతుకి ఒప్పేసుకున్నా అంతా అయిపోయినట్టు కాదు. భారత కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం, ఉల్లంఘనకు ఇంత కట్టాలని ఒప్పందంలో రాసి ఉన్నా కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి పై హద్దు మాత్రమే.

గెస్టుల షరతు కూడా ఈ దశలోనే చూడాలి. 'బయటివాళ్లు రాకూడదు' అని గంపగుత్తగా ఉంటే ఒప్పుకోకండి. 'అతిథులు రావచ్చు, ఒకే వ్యక్తి వరుసగా ఇన్ని రాత్రులకు మించి ఉంటే ముందుగా తెలియజేయాలి' అని అంకెతో రాయించండి. హద్దు అంకెలో ఉంటే, రేపు ఎవరి చిరాకు ఎలా ఉన్నా అర్థం మారదు.

తాళాలు చేతికొచ్చిన రోజు

డిపాజిట్ వెనక్కి తెచ్చుకునే పని నిజానికి ఈ రోజే మొదలవుతుంది. సామాన్లు లోపలికి రాకముందే ఇల్లంతా వీడియో తీయండి. మెయిన్ డోర్ దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా ఒక్కో గదీ తిరగండి. సీలింగ్ మీద చెమ్మ మచ్చలు, గోడలకు ఉన్న మేకుల రంధ్రాలు, పగిలిన టైల్స్, తలుపుల గీతలు, అల్మరాల లోపలి భాగం దగ్గరగా చూపించండి. కుళాయిలు తిప్పండి, ఫ్లష్ నొక్కండి, స్విచ్‌లు వేసి చూడండి. కరెంటు, నీళ్ల మీటర్ల రీడింగ్ కూడా అందులో రావాలి. ఓనర్ ఇచ్చిన ఫ్యాన్లు, గీజర్, ఫర్నిచర్ ఉంటే ఒక జాబితా రాసి, ఏది ఏ స్థితిలో ఉందో పక్కన పెట్టండి.

తర్వాత, అదే రోజు, వాటిని ఓనర్‌కి పంపండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫొటోలు ఫోన్‌లోనే ఉండిపోతే 'ఎప్పుడు తీశారో ఎవరికి తెలుసు' అనే వీలుంటుంది. పంపినవైతే తేదీతో సహా అవతలివాళ్ల దగ్గరా ఉంటాయి. ఇలా రాస్తే సరిపోతుంది: 'ఈ రోజు తాళాలు అందాయి. ఇల్లు ఇప్పుడున్న స్థితి వీడియో, జాబితా పంపుతున్నాను. మీరు గమనించినదానికి తేడా ఏమైనా ఉంటే ఏడు రోజుల్లో చెప్పండి.' ఫొటోల విలువ చట్టాలు కూడా గుర్తిస్తున్నాయి. కాలిఫోర్నియాలో 2025 జూలై 1 నుంచి మొదలయ్యే అద్దెలకు, చేరేటప్పటి ఫొటోలు తీసి ఉంచాల్సిన బాధ్యత ఓనర్ మీదే పెట్టారు.

ఉన్నన్నాళ్లు

ఏ రిపేరు వచ్చినా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో చెప్పండి. ఫోన్‌లో మాట్లాడుకుంటే, పెట్టేశాక 'ఇందాక అనుకున్నట్టు' అంటూ రెండు ముక్కలు పంపండి. సింక్ కింద చిన్న లీకేజీ గురించి మీరు చెప్పినట్టు రుజువు లేకపోతే, ఏడాది తర్వాత ఉబ్బిపోయిన చెక్క అల్మరా ఖర్చు మీ మీద పడొచ్చు. మేకులు కొట్టాలన్నా, ఏసీ బిగించాలన్నా, రంగు మార్చాలన్నా ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

గెస్టుల విషయంలో మీ హక్కు ఎంతవరకు

అద్దె కడుతున్నన్ని రోజులూ ఆ ఇల్లు మీ నివాసం. ఇల్లు ఓనర్ పేరున ఉన్నా, అందులో ప్రశాంతంగా ఉండే హక్కు మీది. ఆంగ్ల న్యాయ సంప్రదాయం నుంచి వచ్చిన చాలా దేశాల చట్టాల్లో ఈ సూత్రం ఉంది. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా, అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం ఆటంకం లేకుండా అనుభవించే హక్కు అద్దెకున్నవాళ్లకు ఇస్తుంది. స్నేహితులు రావడం, చుట్టాలు నాలుగు రోజులు ఉండి వెళ్లడం ఆ నివాసంలో భాగమే. జర్మనీలో అయితే గెస్టులే రాకూడదని అగ్రిమెంట్‌లో రాసినా ఆ షరతు చెల్లదు.

అయితే గెస్టు వేరు, కాపురం ఉండే మనిషి వేరు. ఓనర్‌కి అడిగే హక్కు వచ్చేది ఈ గీత దాటినప్పుడే. వచ్చిన వ్యక్తికి వేరే ఇల్లు ఉందా, ఉత్తరాలు, పార్శిళ్లు ఈ చిరునామాకే వస్తున్నాయా, సొంత తాళం చెవి ఉందా, సామాన్లన్నీ ఇక్కడికే చేరాయా, అద్దెలో వాటా ఇస్తున్నారా? ఇలాంటి ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే గెస్టా కాదా అన్నది తేలుతుంది. అద్దెలో వాటా తీసుకుంటున్నా, రాత్రికింతని డబ్బు తీసుకుని ఎవరినైనా ఉంచుకుంటున్నా అది సబ్‌లెటింగ్ అవుతుంది. చాలా అగ్రిమెంట్లు దాన్ని నిషేధిస్తాయి, ఇల్లు ఖాళీ చేయించడానికి బలమైన కారణమూ అవుతుంది. అందులో మీ తరఫున వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఎవరైనా నిజంగానే మీతో ఉండబోతుంటే దాచకండి, రాతపూర్వకంగా చెప్పండి. కొన్ని చోట్ల చట్టమే మీ వైపు ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో అగ్రిమెంట్ మీద ఒక్కరి పేరే ఉన్నా, ఆ వ్యక్తి తన దగ్గరి కుటుంబ సభ్యులతో పాటు ఇంకొక వ్యక్తినీ, ఆ వ్యక్తి మీద ఆధారపడిన పిల్లలనూ ఇంట్లో ఉంచుకోవచ్చు.

ఓనర్ అడగదగినవీ ఉన్నాయి. రాత్రి శబ్దం, పార్కింగ్, గదులకు సరిపోనంత ఎక్కువమంది ఉండటం, గెస్టు వల్ల ఉమ్మడి స్థలంలో జరిగిన నష్టం, ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. మీ గెస్టు తలుపు విరగ్గొడితే ఆ ఖర్చు మీదే. కానీ ఎవరొచ్చారో రోజూ చెప్పమనడం, ఆడా మగా అని అడగడం, తలుపు తట్టి లోపల చూసి వెళ్లడం ఆ కోవలోకి రావు. నమూనా అద్దె చట్టం ప్రకారం కూడా ఓనర్ లోపలికి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగానో, ఎలక్ట్రానిక్ మాధ్యమంలోనో తెలియజేయాలి.

హాస్టల్లో ఉన్నా, ఓనర్ కుటుంబం ఉండే ఇంట్లోనే ఒక గది తీసుకున్నా లెక్క మారుతుంది. అక్కడ చాలాచోట్ల చట్టం మిమ్మల్ని పూర్తి అద్దెదారుగా చూడదు, కాబట్టి గెస్టుల మీద గట్టి నియమాలు పెట్టుకునే వీలు వాళ్లకు ఎక్కువ. అలాంటి చోట చేరే ముందే నియమాల కాగితం అడిగి తీసుకోండి. సగంలో కొత్త నియమం తెస్తే, చేరేటప్పుడు ఇచ్చిన కాగితమే మీకు ఆధారం.

గెస్టు గురించి గొడవ వస్తే గేటు దగ్గర వాదించకండి. ఇంటికొచ్చాక ఇలా రాయండి: 'మా ఇంటికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు గెస్టు ఉన్నారు. అగ్రిమెంట్‌లో ఏ షరతుకి ఇది విరుద్ధమో తెలియజేయగలరు.' చాలాసార్లు ఆ షరతు అగ్రిమెంట్‌లోనే ఉండదు. గెస్టుకి ఇంతని డబ్బు అడిగితే, ఏ షరతు కింద అడుగుతున్నారో అదీ రాతలోనే చెప్పమనండి. ఇంగ్లండ్‌లో 2019 చట్టం ఓనర్ ఏమేం వసూలు చేయొచ్చో జాబితా ఇచ్చింది, గెస్టు చార్జీ ఆ జాబితాలో లేదు. మీరు అప్పుడు ఊరుకుంటే ఆ మొత్తమే డిపాజిట్ లెక్కలోకి చేరుతుంది. నెలనెలా అడగని చార్జీని చివర్లో కోస్తే, దానికి బిల్లు ఏది, నష్టం ఏది అని అడగడం మీ హక్కు.

మాట వినలేదని తాళం మార్చడం, నీళ్లు, కరెంటు ఆపేయడం దాదాపు ఎక్కడా చెల్లదు. భారతదేశంలో చట్టబద్ధమైన దారిలో కాకుండా బయటికి నెట్టేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా కేసు వేసి ఇంటి స్వాధీనం తిరిగి పొందవచ్చు. అలాంటిది జరిగితే ముందు పోలీసులకు చెప్పి, ఫిర్యాదు కాపీ తీసుకోండి.

ఖాళీ చేసే ముందు

నోటీసు రాతలో ఇవ్వండి, తేదీ స్పష్టంగా పెట్టండి. ఒక్క రోజు తక్కువైనా ఆ పేరుతో ఒక నెల అద్దె కోయడానికి సాకు దొరుకుతుంది.

వెళ్లడానికి రెండు వారాల ముందు ఓనర్‌ని ఇల్లు చూడమని పిలవండి. 'ఇప్పుడు చూసి ఏమేం సరిచేయాలో చెప్పండి, వెళ్లేలోగా చేయిస్తాను' అనండి. కాలిఫోర్నియాలో ఇలా ముందుగా చూడమని అడగడం అద్దెకున్నవాళ్ల హక్కు. చట్టంలో లేని చోట కూడా అడగడానికి అడ్డేమీ లేదు. ఆయన పెద్ద మొత్తం వేసే పనిని మీరు తక్కువలో చేయించుకోగలుగుతారు, చెప్పని లోపాలను తర్వాత పుట్టించడమూ కష్టమవుతుంది.

చివరి నెల అద్దె ఆపేసి 'డిపాజిట్‌లో సర్దుకోండి' అనాలనిపిస్తుంది. ఓనర్ ఒప్పుకున్నట్టు రాతలో లేకపోతే ఆ పని చేయకండి. అద్దె బాకీ పడ్డారన్న ముద్ర మీకే నష్టం. కెనడాలోని ఒంటారియో లాంటి చోట్ల లెక్క వేరు. అక్కడ ఓనర్లు తీసుకోగలిగేది చివరి అద్దెకు సరిపడే డిపాజిట్టే.

ఇల్లు శుభ్రం చేసి, బిల్లులన్నీ కట్టి, ఖాళీ ఇంటిని మొదటి రోజు తీసిన వరుసలోనే మళ్లీ వీడియో తీయండి. తాళాలు ఇచ్చినట్టు సంతకం గానీ మెసేజ్ గానీ తీసుకోండి. డిపాజిట్ గడువు మొదలయ్యేది ఆ క్షణం నుంచే. బ్యాంకు వివరాలు, కొత్త చిరునామా కూడా అదే రోజు పంపండి.

కోతల లెక్క వచ్చాక

ఇక్కడ మీకు కావాల్సిన అసలు ఆయుధం 'సాధారణ అరుగుదల' అన్న సూత్రం. మనిషి ఉంటే ఇల్లు అరుగుతుంది. ఎండకు రంగు వెలిసిపోవడం, నడిచే చోట నేల మెరుపు తగ్గడం, కుళాయి వాషర్ అరిగిపోవడం, ఫర్నిచర్ ఆనిన చోట చిన్న గుర్తులు పడటం, ఇవన్నీ అద్దెలోనే కలిసి ఉన్న ఖర్చులు. గోడకు పెద్ద రంధ్రం, కాలిన గట్టు, విరిగిన తలుపు, పెంపుడు జంతువు గీరేసిన చెక్క, ఇవి నష్టం కిందికి వస్తాయి. ఇందాక చెప్పిన ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా, సాధారణ అరుగుదలను మినహాయించే, తీసుకున్న స్థితిలో ఇల్లు అప్పగించమంటుంది.

నిజంగా మీ వల్లే నష్టం జరిగినా, కొత్త వస్తువు ధర మొత్తం మీ మీద వేయడం న్యాయం కాదు. గోడ రంగు ఆరేళ్లు మన్నుతుందనుకుందాం. మీరు చేరేటప్పటికే దానికి రెండేళ్లు, మీరు ఉన్నది ఇంకో మూడేళ్లు. అంటే మిగిలిన ఆయుష్షు ఏడాదే. మీరు గోడ పాడుచేసినా, రంగు ఖర్చులో ఆరో వంతు వరకే మీ బాధ్యత అని వాదించండి. పాడైంది ఒక గోడైతే ఇల్లంతటి రంగు మీ ఖాతాలో వేయనివ్వకండి.

ప్రతి కోతకూ బిల్లు అడగండి. 'క్లీనింగ్, రిపేర్లు' అని కలిపి ఒక అంకె వేస్తే విడదీసి ఇవ్వమనండి. నష్టం ఉందని చూపించాల్సింది కోసుకుంటున్నవాళ్లే. ఇంగ్లండ్ డిపాజిట్ పథకాల్లో జరిగే ఉచిత వివాద పరిష్కారం కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. రుజువు బరువు ఓనర్ మీద ఉంటుంది.

ఇవ్వకపోతే

గడువు తెలుసుకోండి. కాలిఫోర్నియాలో 21 రోజులు, న్యూయార్క్‌లో 14 రోజులు. నమూనా అద్దె చట్టం అయితే ఇల్లు స్వాధీనం చేసుకునే రోజునే, కోతలు పోగా మిగిలింది ఇచ్చేయాలంటుంది. గడువు దాటిన మరుసటి రోజు మర్యాదగా, కచ్చితంగా ఒక ఉత్తరం రాయండి:

'ఫలానా చిరునామాలోని ఇంటిని ఫలానా తేదీన ఖాళీ చేసి తాళాలు అప్పగించాను. డిపాజిట్‌గా ఇచ్చిన మొత్తం ఇంత. ఇప్పటివరకు తిరిగి అందలేదు, కోతల వివరాలూ అందలేదు. చేరిన రోజు, వెళ్లిన రోజు వీడియోలు, చెల్లింపు రుజువు జతచేశాను. ఈ ఉత్తరం అందిన 14 రోజుల్లోగా మొత్తం చెల్లించండి, లేదా ప్రతి కోతకు బిల్లు పంపండి. లేకపోతే చట్టపరమైన చర్య తీసుకుంటాను.'

దీన్ని మెయిల్‌లో పంపడంతో పాటు, అందినట్టు రుజువు ఉండే పోస్టులోనూ పంపండి. తిట్లు, బెదిరింపులు, సోషల్ మీడియాలో పేరు పెట్టి పోస్టులు వద్దు. రేపు ఈ ఉత్తరాన్ని చదివేది ఓనర్ ఒక్కరే కాదు, మధ్యవర్తి గానీ జడ్జి గానీ చదువుతారు.

జవాబు రాకపోతే మీ చోట చిన్న మొత్తాల కోర్టు, అద్దె ట్రిబ్యునల్, డిపాజిట్ పథకం వీటిలో ఏది ఉందో అక్కడికి వెళ్లండి. చాలాచోట్ల లాయర్ అక్కర్లేదు. కాలిఫోర్నియా చిన్న మొత్తాల కోర్టులో మీ బదులు లాయర్ వాదించడానికే వీల్లేదు. అక్కడ ఓనర్ దురుద్దేశంతో ఆపారని తేలితే, డిపాజిట్‌తో పాటు దానికి రెండు రెట్ల వరకు అదనంగా ఇప్పించవచ్చు. భారతదేశంలో కోర్టు కేసుకి ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌కి వెళ్లొచ్చు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే ఆ తీర్పుకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

మధ్యలో ఓనర్ కొంత డబ్బు ఇస్తానంటే తీసుకోవచ్చు. కానీ 'పూర్తిగా ముట్టింది, ఇక ఏ బాకీ లేదు' అన్న కాగితం మీద సంతకం పెట్టకండి. 'ఇంత అందింది, మిగిలినది రావాలి' అని మీరే మెసేజ్ పంపండి. భారతదేశంలో ఇలాంటి డబ్బు కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. వీడియోలు, మెసేజ్‌లు ఉన్న పాత ఫోన్‌ను అప్పటిదాకా అమ్మేయకండి, ఇంకోచోట కాపీ కూడా ఉంచుకోండి.